ఖాళీ గడి చెప్పే పాఠం

బడీ - ఇల్లూ

కిందటి సంచికలో ఎక్కాల గురించి చెప్పుకున్నాం. ఈసారి రసాయన శాస్త్రం. ఆ పేరు వినగానే పేజీ తిప్పేసే అమ్మలూ నాన్నలూ ఉంటారని నాకు తెలుసు. "మాకే రాదు, ఇక పిల్లలకేం చెబుతాం?" అంటారు. కాస్త ఓపిక పట్టమని మనవి. ఈ పాఠానికి కావలసిన సామాను చాలావరకు మీ వంటింట్లోనే ఉంది. కావలసిన మాటల్లో సగం మీ ఇంట్లో పెద్దవాళ్ళ నోట ఉన్నాయి.

బరంపురంలో మా సంఘం హాల్లో ఆదివారం పొద్దున్న ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు సైన్సు చెబుతుంటాను. వచ్చేవాళ్ళలో ఒరియా మీడియం వాళ్ళున్నారు, ఇంగ్లీషు మీడియం వాళ్ళున్నారు. ఇంట్లో మాత్రం అందరిదీ తెలుగే. మూలకాల ఆవర్తన పట్టిక, అదే పీరియాడిక్ టేబుల్ అంటామే, అది గోడకు తగిలించిన రోజున ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "మాస్టారూ, ఇది పరీక్షకి వస్తుందా?" అని అడిగింది. అడగవలసిన ప్రశ్నే. ఆ అమ్మాయికి ఉన్నమాటే చెప్పాను. అదే మీకూ చెబుతాను.

2023లో వచ్చిన ఎన్.సి.ఇ.ఆర్.టి. పదో తరగతి సైన్సు పుస్తకంలో 'మూలకాల ఆవర్తన వర్గీకరణ' అన్న అధ్యాయం లేదు. కోవిడ్ తర్వాత పిల్లల మీద బరువు తగ్గించాలని తీసేసిన పాఠాల్లో అదొకటి. పదకొండో తరగతిలో వివరంగా ఉంది కదా అని ఆ సంస్థ సమాధానం చెప్పింది. ఉన్న మాట నిజమే. కాని అది పదకొండులో సైన్సు తీసుకున్నవాళ్ళకే. కామర్సుకు పోయేవాడు, ఐ.టి.ఐ.లో చేరేవాడు, పదితో చదువు ఆపి దుకాణంలో కూర్చునేవాడు, వీళ్ళకు ఆ పుస్తకంలో ఆ పట్టిక తారసపడదు. రాష్ట్ర బోర్డుల పుస్తకాలది ఒక్కోదానిది ఒక్కో తీరు. పుస్తకాలు మారుతుంటాయి, తీసినవి మళ్ళీ చేర్చడమూ ఉంటుంది. అంతదాకా పిల్లల వయసు ఆగదు. పదకొండు నుంచి పదమూడేళ్ళ వయసు పోగేసే వయసు. గోళీలు, నాణేలు, స్టాంపులు, క్రికెట్ ఆటగాళ్ళ బొమ్మలు పోగేస్తారు. ఊరికే పోగెయ్యరు, జాతులవారీగా సర్దుకుంటారు. ఆవర్తన పట్టిక కూడా అలాంటి సర్దుబాటే. అందుకే ఆ వయసులో అది చెబితే పడుతుంది.

అయితే కంఠస్థం చేయించకండి. "హైడ్రోజన్, హీలియం, లిథియం..." అని శతకంలా అప్పచెప్పిన పిల్లవాడికి పట్టిక వచ్చినట్టు కాదు. తెలిసినవాటిని ఒక వరసలో పెడితే తెలియనిదాని సంగతి కూడా బయటపడుతుందని ఆ ఒక్క కాగితం చూపిస్తుంది. పిల్లలకు అందవలసింది ఆ సంగతి.

ఏడు లోహాలు, అయిదు భాషలు

నేను మొదలుపెట్టేది ఇంట్లో పేర్లతో. బంగారం, వెండి, రాగి, ఇనుము, తగరం, సీసం, పాదరసం. ఈ ఏడూ వేల ఏళ్ళ నుంచి మనుషులకు తెలిసినవి. ఒక్కొక్కటీ మూలకం. అంటే దాన్ని కాల్చినా, కరిగించినా, పులుపులో నానబెట్టినా అంతకన్నా చిన్న సరుకుగా విడగొట్టలేం. ఇత్తడి అలాంటిది కాదు. అది రాగీ, తుత్తునాగమూ కలిపి కరిగించింది. కంచు రాగీ తగరమూను. ఈ తేడా ఒక్కటి తెలిస్తే మొదటి పాఠం అయినట్టే.

పిల్లలచేత నోటుబుక్కులో గళ్ళు గీయించి ఒక గడిలో ఇంటి పేరు, ఇంకో గడిలో బడి పేరు రాయించండి. మా పిల్లలు లుహా, తంబా, రూపా, సునా అని రాస్తారు. మహారాష్ట్రలో ఉన్నవాళ్ళు లోఖండ్, తాంబే, చాందీ, సోనే అని రాస్తారు. బెంగుళూరు, బళ్ళారి వైపు కబ్బిణ, తామ్ర, బెళ్ళి, చిన్న అంటారు. తమిళనాట ఇరుంబు, సెంబు, వెళ్ళి, తంగం అంటారు. అలా రాసుకుంటూ పోతే పిల్లలే కొన్ని పట్టుకుంటారు. మన వెండి, కన్నడ బెళ్ళి, తమిళ వెళ్ళి ఒక్క కుదుటివే, తెలుపు అన్న అర్థంలోంచి వచ్చినవి. ఇనుమూ ఇరుంబూ చుట్టాలే. తమిళంలో సెంబు అంటే రాగి, మనకేమో అది చెంబయి కూర్చుంది.

ఆ తర్వాత మూడో గడిలో సంకేతం రాయిస్తాను. ఇనుముకు ఎఫ్ ఇ, రాగికి సి యు, వెండికి ఎ జి, బంగారానికి ఎ యు, తగరానికి ఎస్ ఎన్, సీసానికి పి బి, పాదరసానికి హెచ్ జి. ఇక్కడ ఇంగ్లీషు మీడియం పిల్లలు ఆగిపోతారు. ఐరన్ అన్న మాటలో ఎఫ్ ఎక్కడుంది? గోల్డ్‌లో ఎ యు ఎక్కడుంది? లేదు. ఇవి లాటిన్ మాటల ముక్కలు. ఫెర్రం, కుప్రం, అర్జెంటం, ఆరం, స్టానం, ప్లంబం. పాదరసానిది గ్రీకు నుంచి వచ్చిన హైడ్రార్జిరం, అంటే నీటివెండి. రోములో నీళ్ళ గొట్టాలు సీసంతో చేసేవారు కనుక ఆ పని చేసేవాడు ప్లంబరయ్యాడు. ఈ సంకేతాల పద్ధతి 1813-14 ప్రాంతంలో స్వీడన్ శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్ పెట్టింది.

ఈ సంగతి నేను నొక్కి చెప్పడానికి కారణముంది. మన పిల్లల్లో చాలామందికి తెలుగు వంటింటి భాష, సైన్సు ఇంగ్లీషు భాష అని ఒక గట్టి నమ్మకం. కాని లండన్‌లో పుట్టిన పిల్లవాడికి కూడా ఎఫ్ ఇ పరాయి మాటే. బరంపురం పిల్ల ఎంత దూరం నడవాలో వాడూ అంతే దూరం నడవాలి. సంకేతం ఎవరి సొంతమూ కాదు కనుక అందరిదీ. ఇది తెలిసిన రోజున పిల్లల భుజాలు కాస్త నిటారుగా అవడం నేను చూశాను.

పదహారు చీట్లు

ఇప్పుడు ఆట. పోస్టుకార్డంత అట్టముక్కలు పదహారు కత్తిరించండి. ఒక్కోదాని మీద ఒక మూలకం పేరు, దాని పరమాణు భారం, దాని 'చేతులు' రాయండి. చేతులంటే ఆ పరమాణువు ఎన్ని హైడ్రోజన్ పరమాణువుల్నో, క్లోరిన్ పరమాణువుల్నో పట్టుకోగలదన్న లెక్క. పెద్ద తరగతుల్లో దాన్ని సంయోజకత అంటారు. నీటిలో ఒక ఆక్సిజన్ రెండు హైడ్రోజన్లను పట్టుకుంటుంది, దానికి రెండు చేతులు. ఉప్పులో ఒక సోడియం ఒక క్లోరిన్‌ను పట్టుకుంటుంది, దానికి ఒకటి.

చీట్లు ఇవి. లిథియం 7, ఒక చెయ్యి. బెరీలియం 9, రెండు. బోరాన్ 11, మూడు. కార్బన్ 12, నాలుగు. నత్రజని 14, మూడు. ఆక్సిజన్ 16, రెండు. ఫ్లోరిన్ 19, ఒకటి. సోడియం 23, ఒకటి. మెగ్నీషియం 24, రెండు. అల్యూమినియం 27, మూడు. సిలికాన్ 28, నాలుగు. భాస్వరం 31, మూడు. గంధకం 32, రెండు. క్లోరిన్ 35.5, ఒకటి. పొటాషియం 39, ఒకటి. కాల్షియం 40, రెండు.

చీట్లు బాగా కలిపి పిల్లల ముందు పోసి, బరువు ప్రకారం పేర్చమనండి. పేర్చాక చేతుల లెక్క పైకి చదవమనండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, మూడు, రెండు, ఒకటి. మళ్ళీ ఒకటి, రెండు, మూడు, నాలుగు, మూడు, రెండు, ఒకటి. మళ్ళీ ఒకటి, రెండు. మూడోసారికి హాలంతా ఒక్క గొంతుతో చదువుతుంది. అప్పుడు, "లిథియం దగ్గర మొదలుపెట్టి లెక్కపెట్టండి, మళ్ళీ అలాంటిది ఎన్నోది వచ్చింది?" అంటే, "ఎనిమిదోది మాస్టారూ, సోడియం" అంటారు. సంగీతం నేర్చుకునే పిల్లలుంటే చెప్పనక్కర్లేదు. స రి గ మ ప ద ని తర్వాత మళ్ళీ స.

ఈ పోలిక నా సొంతం కాదు. 1865లో జాన్ న్యూలాండ్స్ అనే ఇంగ్లీషువాడు ప్రతి ఎనిమిదో మూలకమూ మొదటిదాన్ని పోలి ఉందని చూసి, దాన్ని సంగీతంలో అష్టకంతో పోల్చాడు. మరుసటి ఏడు లండన్ కెమికల్ సొసైటీలో ఒక పెద్దమనిషి, అక్షరక్రమంలో పేర్చి చూశారా అని వేళాకోళం చేశాడు. 1887లో అదే న్యూలాండ్స్‌కు డేవీ పతకం ఇచ్చారు. నవ్విన నాపచేనే పండుతుందని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఇక అసలు పాఠం. పిల్లలు అటు తిరిగినప్పుడు సిలికాన్ చీటీ తీసి జేబులో వేసుకోండి. మళ్ళీ పేర్చమనండి. అల్యూమినియం మూడు, ఆ వెంటనే భాస్వరం మూడు వచ్చేసరికి, "ఇక్కడ ఏదో తగ్గింది" అంటారు. "ఏం తగ్గింది?" అనండి. "నాలుగు చేతులది." "దాని బరువెంత ఉంటుంది?" కొంచెం తర్జనభర్జన అయ్యాక, "27కీ 31కీ మధ్యన, 29 ఉండొచ్చు" అంటారు. అప్పుడు జేబులోంచి చీటీ తీసి చూపించండి. 28. ఆ క్షణంలో వాళ్ళ మొహాలు చూడాలి.

1869లో రష్యాలో దిమిత్రీ మెండెలీవ్ చేసింది ఇదే. అప్పటికి తెలిసిన మూలకాలు 63. అన్నిటినీ వరసల్లో పేరుస్తూ, పొసగని చోట బలవంతంగా ఇరికించకుండా ఖాళీ గడి వదిలేశాడు. ఆ గడిలోకి రావలసినది ఎలా ఉంటుందో కూడా చెప్పాడు. కింద ఉండబోయేదానికి పేరు పెట్టడానికి మన సంస్కృతం అంకె వాడుకున్నాడు. అల్యూమినియం కింది ఖాళీకి 'ఏక అల్యూమినియం', సిలికాన్ కింది ఖాళీకి 'ఏక సిలికాన్', బోరాన్‌ది 'ఏక బోరాన్'. 1875లో ఫ్రాన్సులో గాలియం దొరికింది, అదే ఏక అల్యూమినియం. కనిపెట్టిన బ్వాబోద్రాన్ దాని సాంద్రత 4.7 అని చెబితే, అలా ఉండదు, 5.9 దగ్గర ఉండాలి, సరుకును శుద్ధిచేసి మళ్ళీ చూడమని మెండెలీవ్ రాశాడు. మళ్ళీ చూస్తే 5.9 వచ్చింది. ఆ లోహాన్ని కంటితో చూడనివాడు, చేతిలో పట్టుకున్నవాడి లెక్క సరిచేశాడు! ఈ గాలియం దాదాపు 30 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. మా బరంపురంలో వైశాఖమాసంలో బల్ల మీద పెడితే నీరైపోతుంది. 1879లో ఏక బోరాన్ స్కాండియమై దొరికింది, 1886లో ఏక సిలికాన్ జర్మేనియమై దొరికింది. ఏక సిలికాన్ పరమాణు భారం 72 ఉంటుందని ఆయన అంటే, జర్మేనియంది 72.6.

పరీక్షలో ఖాళీ వదిలితే మార్కులు పోతాయని పిల్లలకు భయం. తెలియనిచోట ధైర్యంగా ఖాళీ వదిలి, ఆ ఖాళీ చుట్టూ ఏమున్నాయో చూడటం కూడా విద్యేనని వాళ్ళకు చెప్పడానికి ఇంతకన్నా మంచి కథ నాకు కనబడలేదు.

ఎర్రనీళ్ళ పరీక్ష

చీట్ల వరసలు నిజమని పిల్లలు నమ్మాలంటే చేత్తో చేసి చూడాలి. దిష్టి తీయడానికి ఎర్రనీళ్ళు కలుపుతాం కదా! నీళ్ళలో పసుపు వేసి, తాంబూలంలో వాడే తడి సున్నం చిటికెడు కలిపితే ఎర్రబడతాయి. అందులో నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపు రంగుకు వస్తాయి. క్షారం తగిలితే ఎరుపు, ఆమ్లం తగిలితే పసుపు. మా పిల్లలు దిష్టి నీళ్ళు చాలాసార్లు చూసినవాళ్ళే, కాని అదొక ప్రయోగమని ఎవరూ వాళ్ళకు చెప్పలేదు.

నాలుగు గ్లాసుల్లో పసుపు నీళ్ళు పోయండి. ఒకదాంట్లో సున్నం తేట, ఒకదాంట్లో చాకలి సోడా, ఒకదాంట్లో కట్టెల బూడిద కలిపి వడగట్టిన నీళ్ళు, ఒకదాంట్లో మందుల షాపులో అమ్మే మిల్క్ ఆఫ్ మెగ్నీషియా కాస్త. నాలుగూ ఎర్రబడతాయి. వీటిలో ఉన్న లోహాలేమిటి? సున్నంలో కాల్షియం, సోడాలో సోడియం, బూడిదలో పొటాషియం, నాలుగోదాంట్లో మెగ్నీషియం. ఇప్పుడు చీట్ల దగ్గరకు వెళ్ళి ఈ నాలుగూ ఎక్కడున్నాయో చూడమనండి. నాలుగూ ఎడమవైపు మొదటి రెండు నిలువు వరసల్లోనే ఉంటాయి. వరస ఊహ కాదని పిల్లలకు అప్పుడు తెలుస్తుంది.

ఆ ఎర్రటి నీళ్ళలోనే కొంచెం గోళీసోడా పోస్తూ రండి. రంగు మళ్ళీ పసుపుకు తిరుగుతుంది. సోడాలో ఉన్నది కార్బన్ డయాక్సైడు. దాన్ని మన పాత పుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువు అనేవారు. ఆ మాట విప్పి చూడండి. బొగ్గు అంటే కార్బన్, పులుసు అంటే ఆమ్లం. బొగ్గు కాలితే వచ్చి, నీళ్ళలో కలిస్తే పులుపు పుట్టించే వాయువు. పాఠమంతా మాటలోనే ఉంది. గంధకం కాల్చిన పొగ కూడా అంతే, తడి తగిలితే పులుపు. అది ఇంట్లో చేయవద్దు, గొంతు పట్టేస్తుంది. కార్బన్, గంధకం, రెండూ పట్టికలో కుడివైపువి. ఎడమవైపువి కాల్చి నీళ్ళలో కలిపితే క్షారం, కుడివైపువి కాల్చి కలిపితే ఆమ్లం. ఈ ఒక్క సూత్రంతో ఎనిమిదో తరగతి దాటేయవచ్చు.

ఇత్తడి గిన్నెలో పులుసు కాయాలంటే కళాయి ఎందుకు వేయించేవారో కూడా ఇక్కడే చెప్పండి. చింతపండు పులుపుకు రాగి కరిగి కిలం చేరుతుంది, అది విషం. తగరం పూత ఆ పులుపుకు అంత తేలిగ్గా లొంగదు. కళాయివాడు వేడి గిన్నెలో నవాసారం చల్లి, తగరపు ముక్క రాసి, గుడ్డతో తుడిచేవాడు. నవాసారం పైనున్న మురికి పొరను తినేస్తే తగరం పట్టుకుంటుంది. తమిళనాట ఉన్న మనవాళ్ళ ఇళ్ళలో చారు పెట్టుకునే ఈయచెంబు ఉంటుంది. తమిళంలో ఈయమంటే సీసమే. కాని ఆ చెంబు చేయవలసింది సీసంతో కాదు, వెళ్ళీయంతో, అంటే తగరంతో. రెండూ పట్టికలో ఒకే నిలువు వరసలో పైనా కిందా ఉన్నవే. చూపుకు దగ్గర, గుణానికి దూరం. సీసం పిల్లల మెదడుకు చేటు. అందుకే నమ్మకమైన చోట కొనండి. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కనుక ఉత్త చెంబు పొయ్యి మీద పెట్టవద్దని పెద్దవాళ్ళు అనేది అనుభవం మీద అన్నమాటే.

రెండు జాగ్రత్తలు. గట్టి సున్నపు రాయిని నీళ్ళలో వేసే పని పిల్లలచేత చేయించకండి, అది సలసల కాగి చిందుతుంది, కళ్ళు పోతాయి. పాత థర్మామీటరు పగిలి పాదరసం గోళీల్లా దొర్లితే ముచ్చటగా ఉందని ఆడుకోనివ్వకండి. దాని ఆవిరి ప్రమాదం. కిటికీలు తీసి, పిల్లల్ని బయటికి పంపి, చీపురుతో చిమ్మకుండా గట్టి కాగితంతో ఎత్తి సీసాలో వేసి మూత పెట్టండి.

గుంటూరులో గ్రహణం

అన్నం పొంగి గంజి గ్యాసు మంట మీద పడినప్పుడు మంట పసుపుగా భగ్గుమంటుంది, చూశారా? ఉప్పు నీళ్ళు పడినా అంతే. అది సోడియం రంగు. ఒక్కో మూలకానికి మంటలో ఒక్కో వెలుగు. ఆ వెలుగును గాజు పట్టకంతో విడదీస్తే సన్నని గీతలు కనబడతాయి. మనిషికి వేలిముద్ర ఎలాగో మూలకానికి ఆ గీతలు అలాగ.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన ఆంధ్రదేశం మీదుగా వెళ్ళింది. ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే ఆయన గుంటూరు వచ్చి చూశాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పోగ్సన్ మచిలీపట్నం వెళ్ళి చూశాడు. సూర్యుడి అంచున లేచే జ్వాలల వెలుగును విడదీస్తే అందులో ఒక పసుపు గీత కనబడింది. వంటింట్లో చూసే సోడియం గీతలకు చాలా దగ్గర, కాని అది కాదు. సోడియంవి 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటే, ఇది 587.6 దగ్గర. ఆ గీత భూమ్మీద ఎవరికీ తెలియని మూలకానిదని ఇంగ్లండులో లాకియర్ వాదించాడు. సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అన్న పేరు వచ్చింది. 1895లో రామ్సే దాన్ని భూమి మీద దొరికిన ఖనిజంలోంచి పట్టుకున్నాడు. అంతకు ముందు ఏడాదే ఆర్గాన్ దొరికింది, తర్వాత నియాన్ వచ్చింది. వీటికి చేతులు లేవు, సున్నా.

ఇప్పుడు పిల్లలకు రెండు కొత్త చీట్లు ఇవ్వండి. నియాన్ 20, ఆర్గాన్ 40. ఎక్కడ పెట్టాలో వాళ్ళే చెబుతారు. ఫ్లోరిన్ తర్వాత నియాన్, క్లోరిన్ తర్వాత ఆర్గాన్. ఒకటి, రెండు, మూడు, నాలుగు, మూడు, రెండు, ఒకటి, సున్నా. పట్టిక చెదరలేదు, ఒక కొత్త నిలువు వరసకు చోటిచ్చింది. ఎవరో ఒక చురుకైన పిల్లవాడు, "మాస్టారూ, ఆర్గాన్ 40, పొటాషియం 39. బరువు ప్రకారమైతే పొటాషియం ముందు రావాలి కదా?" అంటాడు. అలా అడిగినవాడిని మెచ్చుకోండి. ఆ చిక్కు విప్పడానికి 1913లో మోస్లీ అనే కుర్రవాడు రావలసి వచ్చింది. సరైన వరస బరువుది కాదు, పరమాణు సంఖ్యది, అంటే కేంద్రకంలోని ప్రోటాన్ల లెక్కది అని తేల్చాడు. ఇప్పుడు ఆ సంఖ్య 118 దాకా వచ్చింది. చివరగా నాలుగింటికి 2016లో పేర్లు పెట్టారు.

మన ఊళ్ళ కింద

పట్టిక ఎక్కడో విదేశాల్లో పుట్టిన వస్తువని పిల్లలు అనుకోకుండా ఉండాలంటే, ఊరి పేరు పక్కన మూలకం పేరు రాయించండి. మా దగ్గర ఛత్రపురం తీరపు ఇసుకలో ఇల్మెనైటు ఉంది, అందులో టైటానియం. గోడలకు వేసే తెల్ల రంగుకు తెలుపు దాని ఆక్సైడుతోనే వస్తుంది. ఆ ఇసుకలోనే మోనజైటు, అందులో థోరియం. సముద్రానికి స్నానానికి వెళ్ళినప్పుడు పిల్లలు తడి ఇసుకలో అయస్కాంతం తిప్పి నల్లటి రేణువులు పోగేసుకొస్తుంటారు.

కోలారు గనుల్లో మన తెలుగువాళ్ళు తరతరాలుగా పనిచేశారు. 2001లో ఆ గనులు మూసేశారు. అక్కడివాళ్ళు 79వ గడిలో బంగారం రాసుకోవాలి. దాని పైనే వెండి, ఆ పైన రాగి. నాణేలు వేసిన మూడు లోహాలూ ఒక్క నిలువు వరసలో ఉన్నాయి! తేలిగ్గా తుప్పు పట్టని గుణం ఆ కుటుంబానిది. బళ్ళారి, సండూరు వాళ్ళకు ఇనుము, మాంగనీసు. నాగపూరు, భండారా వాళ్ళకు కూడా మాంగనీసు. సేలం వాళ్ళకు తెల్లరాతి గుట్టల్లోని మాగ్నసైటు, అందులో మెగ్నీషియం. శివకాశి వైపు ఉన్నవాళ్ళకు మతాబుల రంగులున్నాయి. స్ట్రాన్షియం ఎరుపు, సోడియం పసుపు, రాగి నీలం, బేరియం ఆకుపచ్చ. ఆ బేరియం లవణాలు టపాకాయల్లో వాడకూడదని సుప్రీంకోర్టు 2018లో ఆజ్ఞ ఇచ్చింది, 2021లో మళ్ళీ గట్టిగా చెప్పింది. యానాం వాళ్ళకు గోదావరి లంకల కింది సహజవాయువు, కార్బనూ హైడ్రోజనూ కలిసిన మీథేను.

పెద్దవాళ్ళకు మనవి

ఇదంతా చేయడానికి మీకు డిగ్రీ అక్కర్లేదు. ఆదివారం ఒక గంట, పదహారు అట్టముక్కలు, పసుపు, సున్నం చాలు. ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో ఉంటే వాళ్ళని కూర్చోబెట్టి పటిక, సురేకారం, మైలుతుత్తం, అన్నభేది, నవాసారం అన్న మాటలు అడిగి రాయించండి. పటికలో అల్యూమినియం, పొటాషియం ఉన్నాయి. సురేకారంలో పొటాషియం, నత్రజని. మైలుతుత్తంలో రాగి, గంధకం. అన్నభేదిలో ఇనుము, గంధకం. నవాసారంలో నత్రజని, క్లోరిన్. ఈ మాటలు బడి పుస్తకాల్లో లేవు. అవి తెలిసినవాళ్ళు కూడా ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. పిల్లలు వాటిని ఇంగ్లీషు పేర్ల పక్కన రాసుకుంటే రెండు చదువులూ నిలుస్తాయి.

పిల్లవాడు తప్పు చీటీ తప్పు చోట పెడితే వెంటనే సర్దకండి. "పక్కవాళ్ళతో దీనికి పొసిగిందా?" అని అడిగి ఊరుకోండి. వాడే తీసి మార్చుకుంటాడు. బడిలో నలభై అయిదు నిమిషాల పీరియడులో పంతులుగారికి అంత తీరిక ఉండదు. ఇంట్లో ఉంటుంది.

మీ పిల్లలు చేసిన చీట్ల పట్టికలు, ఇంటి పేర్లతో సహా, సంపాదకులకు పంపండి. నాలుగైదు భాషల పేర్లున్న పట్టిక వస్తే దాని మీద వేరే రాస్తాను. వచ్చే సంచికలో ఊరి బావి నీళ్ళు ఉప్పగా ఎందుకుంటాయో, సబ్బు ఎందుకు నురగ రాదో చెప్పుకుందాం. అందాకా సెలవు.